పొట్టి డెస్కు మీద నేర్చిన కొలువు

స్టెనో పని నేర్చుకుంటామని మా ఇంటికి వచ్చే పిల్లలను నేను మొట్టమొదట అడిగే మాట ఒకటుంది. ఇంగ్లీషు ఎంత వచ్చునని కాదు, వేళ్లు చురుగ్గా ఆడతాయా అనీ కాదు. "మీ ఇంట్ల కుర్చీ ఉన్నదా బిడ్డా?" అని అడుగుతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలమ్మ చాదస్తం అనుకుంటారు కాబోలు. ఉన్నదంటే, "దాంట్ల ఎవరు కూసుంటరు?" అన్నది రెండో ప్రశ్న. ఆ రెంటికీ జవాబు విన్నాకనే పెన్సిలు చెక్కమంటాను. వాళ్లకు ఎప్పుడూ కారణం చెప్పలేదు. చెప్పాలంటే నా కొలువు కథంతా చెప్పాలి. ఇప్పుడు తీరికైంది కనుక, దేవుడి దయవల్ల కళ్లు ఇంకా ఆనుతున్నాయి కనుక, రాస్తున్నాను.

మాది రామన్నపేట. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. మా తాతముత్తాతలంతా నాగలి పట్టినవాళ్లే. బాపు ఒక్కడే కలం పట్టి తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాడు. ఆయన ఉర్దూ దస్తూరి చూసి తహసీల్దార్లు కూడా కాగితాన్ని వెంటనే కింద పెట్టకుండా కాసేపు చేతిలోనే ఉంచుకునేవారట. అటువంటిది, చూస్తుండగానే కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారడం మొదలైంది. కుడి నుంచి ఎడమకు నడిచిన చేయి ఎడమ నుంచి కుడికి నడవాలంటే ఆ వయసులో మాటలా? బాపు ఎవరినీ నిందించలేదు. "రాజ్యం మారితే రాత మారుతది బిడ్డా, బువ్వ మారకుంటె చాలు" అనేవాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది బాపు తల్లి, మా అవ్వ. ఆడపిల్లలు పెద్ద చదువు చదివే బడి మా ఊళ్లో లేదు. అందుకని నా బడి మా నడిమింట్లోనే. లెక్కలూ ఉర్దూ బాపు చెప్పాడు. ఇంగ్లీషు నేను రీడర్లు ముందేసుకుని కూడబలుక్కున్నాను. మెట్రిక్ ప్రైవేటుగా రాశాను. బాపు రోజూ దీపాల వేళ ఆ రోజు పాఠం అప్పజెప్పించుకుని, తరువాతే దేవుడికి దండం పెట్టుకునేవాడు. ఆ వరుస ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

ఇక కుర్చీ సంగతి. మా ఇంట్లో కుర్చీ ఒకటే ఉండేది. బెత్తం అల్లిక, రెండు చేతులు. భూముల తనిఖీకి గిర్దావరు గాని, టీకాల డాక్టరు గాని వస్తే వాళ్లకు వేసేది. తక్కిన రోజుల్లో మూలన గోడకు మొహం పెట్టి ఉండేది. శుక్రవారం నాడు అవ్వ దేవుడి గూడు తుడిచిన గుడ్డతోనే దాన్నీ తుడిచేది. మాలో ఎవరమూ దానిలో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు కూడా. పొయ్యి మీద కూర్చోవద్దని పిల్లలకు ఎవరైనా చెబుతారా? ఇదీ అట్లాంటిదే.

బాపు కూడా కూర్చునేవాడు కాదు. కచేరీలోనూ అంతే. ఆ కాలంలో గుమాస్తాలు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని, ముందు జానెడెత్తు పొట్టి డెస్కు పెట్టుకుని రాసేవారు. కుర్చీ తహసీల్దారుది. కొత్త సర్కారులో కచేరీకి బల్లలు వచ్చినప్పుడు పాత డెస్కులను కట్టెల కింద పారేయబోతే, బాపు అడిగి తన డెస్కు ఇంటికి తెచ్చుకున్నాడు. నేను అక్షరాలు దిద్దింది, మెట్రిక్‌కు చదివింది దాని ముందు కూర్చునే.

మా ఇంటి ముందరి భాగం కిరాయికి ఇచ్చేవాళ్లం. భూముల కాగితాలను కొత్త పద్ధతిలోకి మార్చడానికని ఒక ప్రత్యేక ఆఫీసరు మా ఊళ్లో మకాం పెట్టినప్పుడు, ఆయన స్టెనో అందులో దిగాడు. సముద్రం వైపు మనిషి, పెద్దవాడు, నుదుట సన్నని నామం. మేము ఆయనను మాస్టారు అనేవాళ్లం. ప్రతి శనివారం మా ఇంటి అరుగు మీద భజన జరిగేది. బాపు తాళం వేసేవాడు. ఊళ్లవాళ్లు పాడే పాటలు ఎక్కడా రాసి లేవు కదా, పోగొట్టుకోవద్దని నేను గోడ వార కూర్చుని పలక మీద రాసేదాన్ని. వాళ్లు పాడే జోరుకు అక్షరాలు అందవు. అందుకని సగం మాటకు ఒక గీత, సగం మాటకు ఒక చుక్క, నాకు తోచినట్లు గుర్తులు పెట్టుకునేదాన్ని. ఒకనాడు మాస్టారి చూపు ఆ పలక మీద పడింది.

"ఈ కొక్కిరిగీతలేమిటమ్మా?"

"ఇప్పుడు పాడిన పాట, మాస్టారూ."

"ఏదీ, చదువు."

చదివాను. ఆయన పలక తిప్పి తిప్పి చూసి, బాపు వైపు తిరిగాడు. "ఏవండీ, మీ అమ్మాయి సొంతంగా ఒక షార్ట్‌హ్యాండు కనిపెట్టేసింది. పాపం, ఈ పనికి సర్కారు జీతమిస్తుందని తెలియక పుణ్యానికి చేస్తోంది."

అట్లా మొదలైంది. ఆదివారాలు ఆయన అరుగు మీద, నేను గడప లోపల. ఏ శబ్దానికి ఏ గీత, ఏది సన్నం, ఏది లావు అన్నీ దగ్గరుండి దిద్దించాడు. ఆయన సొమ్మేమీ అడగలేదు. శనివారం భజన ప్రసాదంలో పల్లీలు మాత్రం ఎక్కువ వేయమనేవాడు. ఆ ఋణం నేను ఏ గుడిలోనూ తీర్చలేను.

డిక్టేషన్ చెప్పేవాళ్లు రోజూ కావాలి. మాస్టారికి ఆదివారమే తీరిక. మిగతా రోజులు బాపు చెప్పేవాడు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టి పైకి చదవగలిగేవాడే గాని, చదివినదానికి అర్థం తెలియదు. మాస్టారు పారేసిన ఇంగ్లీషు పేపరు తెచ్చుకుని, ఎడమచేత్తో డెస్కు మీద తాళం వేస్తూ, మంత్రం చదివినట్లు చదివేవాడు. ఈ వారం ఇంత జోరు, వచ్చే వారం ఇంకొంత జోరు అని మాస్టారు తన గడియారంతో తాళం కుదిర్చి ఇచ్చేవాడు. భజనలో చివరికొచ్చేసరికి తాళం ఎట్లా పరుగెత్తుతుందో, మా డిక్టేషనూ అట్లాగే పరుగెత్తేది. ఒక్కోసారి బాపు ఆపి అడిగేవాడు.

"బిడ్డా, ఇప్పుడు నేను చదివింది ఏంది?"

"యాడనో వరదలొచ్చినయట బాపు. ఊళ్లు మునిగినయట."

"అయ్యో. నేను ఎంత సంబురంగ చదివిన."

ఇక టైపు. మునసబు కోర్టులో వకీలు ఒకాయన కొత్త మిషన్ కొనుక్కుని, పాతది మాకు ఇచ్చాడు. బదులుగా ఆయన దావా కాగితాలు నేను కొట్టిపెట్టాలి. మిషన్ ఇంటికి వచ్చిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టాం. తరువాత బాపు దాన్ని ఎత్తి పొట్టి డెస్కు మీద పెట్టాడు. ఎక్కడ పెట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. రాత పని డెస్కు మీద, డెస్కు నేల మీద. నేను బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేళ్లను కిందికి వదిలి, ఏ వేలికి ఏ అక్షరమో మాస్టారు గీసిచ్చిన పటం చూసుకుంటూ నేర్చుకున్నాను. మాస్టారు గడప దాటి నడిమింట్లోకి ఎన్నడూ రాలేదు. మిషన్ చప్పుడు మాత్రం వినేవాడు. "చప్పుడు సమంగా ఉందమ్మా, అదే చాలు" అనేవాడు.

అవ్వకు మొదట్లో ఆ చప్పుడు గిట్టలేదు. "వడ్లు దంచినా ఇంత చప్పుడు గాదు. దంచితే బియ్యమన్న వస్తయి" అని సణిగేది. టైపు మిషన్ చూసినవాళ్లకు తెలుసు, వరుస చివరికి రాగానే అది 'టింగు'మని చిన్న గంట కొడుతుంది. అవ్వ ఆ గంట విన్నది. మిషన్ పక్కనే జపమాల పట్టుకుని కూర్చుని, గంట మోగినప్పుడల్లా "రామా" అని ఒక పూస జరపడం మొదలుపెట్టింది. ఇక చప్పుడు గొడవ లేదు.

"ఏందే, ఇయ్యాల గంట మోగుతలేదు? చెయ్యి నొస్తాందా?"

"కొత్త పాఠం అవ్వా. మెల్లగ కొడుతున్న."

"జర జోరుగ కొట్టు. నా జపం ఆగిపోయింది."

నా వేగం ఎంత పెరిగిందో మాస్టారి గడియారం ఆదివారం చెప్పేది. అవ్వ జపమాల రోజూ చెప్పేది.

మాస్టారు రిటైరయ్యే వేళకు నల్లగొండ కలెక్టరాఫీసులో ఒక స్టెనో జాగా ఖాళీ అయింది. ఆయన తన ఆఫీసరుతో నా సంగతి చెప్పాడు. ఆఫీసరు పెద్ద మనసుతో పైకి రాశాడు. వచ్చిన జవాబు ఒకటే: ఈసారి జరిగే సర్కారు పరీక్షలో పాసైతే తీసుకుంటాం, లేకుంటే హైదరాబాదు నుంచి వచ్చే మనిషి సిద్ధంగా ఉన్నాడు.

అవ్వకు నా లగ్గం తొందర. దేవరకొండ వైపు మా దూరపు చుట్టం ఒకతను ఉన్నాడు. మంచి మనిషే, గొర్లమంద ఉన్నది, మెట్ట చెలకలున్నాయి. వాళ్ల ఇంట్లో కోడలు పెన్సిలు పట్టుకోవడం మాత్రం జరిగే పని కాదు. ఇంటి పెద్దగా అవ్వ పంచాయితీ తేల్చేసింది.

"పాసైతే నీ బాపు మాట. ఫేలైతే నా మాట. మల్లా పరీక్ష, మల్లా యేడు అంటె నేను వినను."

 కచేరీలో బాపును అప్పటికే రికార్డు గదికి పంపేశారు. ఆయన రాసిన కాగితాల్లో మిగిలినవన్నీ ఆ గదిలో ఉన్నాయి. ఇక రాయబోయేది ఈ ఇంట్లో ఎవరైనా ఉంటే నేనే. ఆ మాట ఆయన నోటితో అనలేదు గాని, నాకు తెలుసు.

ఆ కాలంలో పరీక్షకు ఎవరి టైపు మిషన్ వాళ్లే మోసుకుపోవాలి. బాపు నాటు చెక్కతో ఒక పెట్టె చేయించాడు. లోపల వరిగడ్డి పరిచి మిషన్‌ను పసిబిడ్డను పెట్టినట్లు పెట్టాం. చిట్యాల దాకా ఎడ్లబండి. అక్కడ సడక్ మీద నల్లగొండ బస్సు ఎక్కాలి. కండక్టరు పెట్టెను బస్సు పైన వేయమన్నాడు. బాపు వేయనన్నాడు.

"ఏముందయ్యా గా పెట్టెల? హార్మోనియమా?"

"కాదు తమ్ముడు. మా బిడ్డ నౌకరి."

"నౌకరిని ఒళ్లె పెట్టుకుంటవా?"

"ఇంకా రాలేదు. అందుకే ఒళ్లె పెట్టుకున్న."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి వదిలేశాడు. నార్కట్‌పల్లి దాటాక బాపు కాళ్లు మొద్దుబారిపోయాయి. అయినా పెట్టె దించలేదు.

పరీక్ష నల్లగొండలో ఒక బడిలో. అబ్బాయిలే అందరూ. ఆడపిల్లను నేనొక్కదాన్నే. బాపు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మొదటి భాగం డిక్టేషను. సూపర్‌వైజరు అరవదేశం మనిషి, గొంతు గరుకు, తాళం లేదు. మొదటి వాక్యానికి నా పెన్సిలు రెండు మాటలు వెనకబడింది. రెండో వాక్యానికి ఆయన చదువుతూ చదువుతూ బూటు మడమ నేలకు తాటించడం కనిపెట్టాను. ఆ మడమను పట్టుకున్నాను. తాళం దొరికింది. గీతలన్నీ చక్కగా పడ్డాయి. వేంకటేశ్వరా, నీ దయ అనుకున్నాను.

రెండో భాగం, ఆ గీతలను చదువుకుంటూ టైపు కొట్టాలి. గడువు దాటితే కాగితం లాగేసుకుంటారు. నా మిషన్‌ను బల్ల మీద పెట్టారు. నేను కుర్చీలో కూర్చున్నాను.

నా జన్మలో కుర్చీలో కూర్చుని టైపు కొట్టడం అదే మొదలు.

బల్ల నా ఎదకు వచ్చింది. ఇంట్లో నా వేళ్లు పై నుంచి కిందికి వానచినుకుల్లా పడేవి. ఇక్కడ గోడ ఎక్కే బల్లుల్లా పైకి పాకాలి. కాళ్లు నేలకు సరిగ్గా అందలేదు. ఎక్కడ ఆనుకోవాలో వీపుకు తెలియలేదు. ఒక అక్షరం కొడితే పక్కది లేచింది. అక్షరాల కడ్డీలు రెండు ఒకదానికొకటి చిక్కుకున్నాయి. విడదీశాను. మళ్లీ చిక్కుకున్నాయి. ఒక కాగితం పాడైంది. రెండోది ఎక్కించాను. చుట్టూ మిషన్లన్నీ జడివానలా మోగుతున్నాయి. నా గంట ఒక్కసారీ మోగలేదు.

ఇన్నేళ్ల కష్టంలో గీతలు చూసుకున్నాం, తాళం చూసుకున్నాం, రిబ్బను కొత్తది వేసుకున్నాం. మాస్టారు, బాపు, నేను, ముగ్గురిలో ఒక్కరికీ కుర్చీ సంగతి తట్టలేదు. గొర్లమందా, చెలకలూ కళ్లముందు కనిపించాయి. అవి మంచివే. కాని నావి కావు.

తల తిప్పి కిటికీలోంచి వరండా చూశాను. అంతసేపూ నిలబడ్డ బాపు నా వైపు చూస్తూనే మెల్లగా కిందికి దిగి, ఆ వరండా బండల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కచేరీలో కూర్చున్నట్లు, నడుం నిటారుగా. 

లేచి నిలబడ్డాను. "సర్, నేను కింద కూర్చుని కొడతాను."

సూపర్‌వైజరుకు అర్థం కాలేదు. "కింద అంటే?"

"నేల మీద, సర్. నేను నేర్చుకున్నది నేల మీదనే."

కొందరు మిషన్లు ఆపి చూశారు. పక్క బల్ల దగ్గర మిర్యాలగూడ అబ్బాయి కిసుక్కున నవ్వాడు. "ఏందక్కా, బంతి కూసుంటున్నవా? విస్తరెయ్యమంటవా?"

"మీరు మీ పని చూసుకోండి," అని సూపర్‌వైజరు అతణ్ని గదిమి, నా దగ్గరికి వచ్చాడు. పాడైన కాగితం చూశాడు. చిక్కుకున్న కడ్డీలు చూశాడు. "ఇప్పటిదాకా ఎవరూ ఇలా అడగలేదమ్మా. ఇది పరీక్ష."

"సర్, మా బాపు కచేరీలో ఇన్నేండ్లు కింద కూర్చునే రాసిండు. అవి కూడ సర్కారు కాగితాలే." నోటికి ఎట్లా వచ్చిందో వచ్చేసింది. 

 ఆయన జేబులోంచి నియమాల కాగితం తీసి పైనుంచి కిందికి చదివాడు. నిమిషాలు పోతున్నాయి. చివరికి, "మిషన్ ఎవరిది వారు తెచ్చుకోవాలని ఉంది. బల్ల మీద పెట్టాలని లేదు," అన్నాడు. "కాని, గడువు ఒక్క నిమిషం కూడా పెంచను. సరేనా?"

"పెంచొద్దు సర్."

నేను మిషన్ ఎత్తబోయాను. బరువుకు చేతులు తూలాయి. నవ్విన ఆ మిర్యాలగూడ అబ్బాయే తన పని విడిచిపెట్టి లేచి వచ్చి, నా చెక్కపెట్టెను బోర్లించి, మిషన్ దాని మీద పెట్టాడు. "జల్దీ కూసో అక్కా" అని తన బల్ల దగ్గరికి ఉరికాడు. అతని గడువులోంచీ నిమిషాలు పోయాయి. దేవుడు మనుషులకు నోరొక రకంగా, చేతులొక రకంగా ఇస్తాడు.

కూర్చున్నాను. పెట్టె ఎత్తు కొంచెం తేడా, అయినా నా ఎత్తే. కళ్లు మూసుకుని ఒక్కసారి దండం పెట్టుకుని, వేళ్లు వదిలాను. పడ్డాయి. వరుస నిండింది. 'టింగు'మంది. రామన్నపేటలో నడిమింట్లో కూర్చున్న అవ్వ "రామా" అన్నది నా చెవులకు వినిపించింది. ఇక ఆ గది లేదు, అబ్బాయిలు లేరు. గంట, రామా, గంట, రామా. ఆఖరు వాక్యం ఆఖరు చుక్క పెట్టేసరికి సూపర్‌వైజరు నా పక్కన నిలబడి ఉన్నాడు. కాగితం ఆయనే మెల్లగా తీసుకుని, చిక్కుకున్నప్పుడు పాడైన మొదటి కాగితాన్ని చించి బుట్టలో వేశాడు.

బయటికి వచ్చాక బాపును అడిగాను. "బాపు, నన్ను కింద కూసోమని సైగ చేసినవా?"

"సైగేంది బిడ్డా? పొద్దటి సంది నిలబడి కాళ్లు గుంజినయి. కూలబడ్డ."

ఆయన చనిపోయేదాకా నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నేను మాత్రం నమ్మలేదు. ఎవరు కూర్చోబెట్టారో వారికే దండం పెట్టుకుంటాను.

పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. మాస్టారు పల్లీలు తిననని మొరాయించి, లడ్డూలు తెప్పించమన్నాడు. అవ్వ ఇచ్చిన మాట మీద నిలబడింది. "ఫేలైతే నా మాట అన్న. ఫేల్ కాలె. ఇగ నాదేమున్నది" అని జపమాల తీసుకుంది.

కాని కలెక్టరాఫీసులో చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చోలేను కదా. ఆర్డరు వచ్చిన సాయంత్రం బాపు మూలనున్న కుర్చీని తెచ్చి నడిమింట్లో వేశాడు. వకీలు గారింటి నుంచి ఒక బల్ల మోయించుకొచ్చాడు. మిషన్ దాని మీద పెట్టి, "కూసో" అన్నాడు.

నేను కదలలేదు. అవ్వ వంటింట్లోంచి చూసింది.

"ఏందిరా, కుర్చి గుంజినవ్? రేపు గిర్దావరు సాబు వస్తే యాడ కూసుంటడు?"

"చాప మీద కూసుంటడు."

"గిర్దావరు చాప మీదనా? నీకేమన్న మతి పోయిందా?"

"అమ్మా, కుర్చి ఆఫీసోళ్లకని గదా తెచ్చుకున్నం. మన ఇంట్ల ఆఫీసుకు పొయ్యే మనిషి వచ్చింది. ఇగ దాని కుర్చిల అది కూసుంటది."

అవ్వ కొంగుతో కుర్చీని ఒకసారి తుడిచి పక్కకు జరిగింది. నేను కూర్చున్నాను. మొదట్లో ముళ్ల మీద కూర్చున్నట్లే ఉండేది. వేళ్లకు కొత్త దారి నేర్పడానికి చాలా కష్టపడ్డాను. మీరూ గుర్తుపెట్టుకోండి, తప్పు నేర్చుకున్నది విడిపించుకోవడం కన్నా, సరిగ్గానే నేర్చుకున్నదాన్ని ఇంకో ఎత్తులో మళ్లీ నేర్చుకోవడం కష్టం.

నల్లగొండలో కొన్నేళ్లు చేశాక పాలమూరుకు బదిలీ అయింది. చేరిన రోజున ఆఫీసులోకి అడుగు పెట్టగానే ఒక గొంతు: "అక్కా, చాప తెప్పియ్యమంటవా?" చూస్తే ఆ మిర్యాలగూడ అబ్బాయి. అతనూ పాసై అక్కడే స్టెనోగా ఉన్నాడు. కొత్త ఆఫీసరు వచ్చినప్పుడల్లా నా పరీక్ష కథ ఉప్పూకారం వేసి చెప్పేవాడు. ప్రతిసారీ పెట్టె ఎత్తినవాడు తనేనన్న సంగతి మాత్రం దాటేసేవాడు. అది నేను చెప్పేదాన్ని. నా కొలువులో ఇంత మంచి తోడు మళ్లీ దొరకలేదు.

ఆ నేల మీది చదువు పాలమూరులో అక్కరకు కూడా వచ్చింది. కరువు యేడు. ఆఫీసరు గారితో షాద్‌నగర్ వైపు పల్లెలు తిరుగుతున్నాం. గొర్లకాపర్ల మందలకు మేత, నీళ్లు ఎక్కడినుంచి ఇవ్వాలన్నది ఆయన అక్కడికక్కడ తేల్చాలి. ఆ ఊళ్లో ఉన్న కుర్చీ ఒకటే, అది ఆయనకు వేశారు. బల్ల లేదు. ఆర్డరు ఆ పూటే వెళ్లకపోతే మందలు వలస పోతాయని కాపర్లు కాచుకుని ఉన్నారు. ఆయన నా వైపు చూసి, "ఎట్లమ్మా?" అన్నారు. నేను మిషన్ పెట్టెను బోర్లించి, కింద కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను. గంట మోగినప్పుడల్లా దగ్గరున్న మేకలు తలలెత్తి చూసేవి. ఒక ముసలి కాపరి, "ఈ మిషిని మా మందకు మెడల కట్టే గంటోలె ఉన్నది బిడ్డా, దీని మాట ఇంటే మేత దొరుకుతది" అన్నాడు. ఆర్డరు ఆ పూటే వెళ్లింది.

ఇప్పుడు గంట లేని మిషన్లు వచ్చాయి, విన్నది తామే రాసుకునే మిషన్లూ వస్తాయంటున్నారు. రానివ్వండి. స్టెనో పనికి భవిష్యత్తు ఉన్నదా అని నన్ను అడుగుతారు. నాకు తెలిసింది నాలుగు ముక్కలు. ఒక్క గొంతుకే చెవిని అలవాటు చేసుకోకండి. ఇంట్లోవాళ్లు చదివితే సరిపోదు, గిట్టనివాళ్లతో కూడా చదివించుకోండి. విన్నది విన్నట్లు రాయండి, ఆఫీసు దాటి బయటికి పోనివ్వకండి. ఆ నమ్మకం వల్లనే స్టెనోగా చేరిన నేను కలెక్టరు గారి పి.ఏ.గా రిటైరయ్యాను. ఎక్కడ పని చేయబోతున్నారో ఆ చోట కూర్చుని నేర్చుకోండి. ఇంట్లో కుర్చీ మూలనుంటే ఇవాళే నడిమింట్లోకి లాగండి.

చివరికి ఒక్కటి మిగిలింది. కలెక్టరాఫీసులో నేను చేరిన మొదటి రోజు. బాపు నాతో వచ్చాడు. రికార్డు గదికి సెలవు పెట్టి, ఉతికిన ధోవతి కట్టి, పాత నల్లకోటు వేసుకున్నాడు. సూపరింటెండెంటు గారు నా బల్ల చూపించారు. నేను దేవుణ్ని తలుచుకుని, కుర్చీని కళ్లకద్దుకుని కూర్చున్నాను. కాగితం ఎక్కించాను. బాపు పోలేదు. తలుపు దగ్గర, ఆఫీసర్ల ముందు ఇన్నేళ్లూ నిలబడ్డట్లే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సూపరింటెండెంటు గారికి ఇబ్బందిగా అనిపించి, ఇంకో కుర్చీ జరిపించారు.

"పెద్దాయనా, ఎంతసేపు నిలబడతారు? వచ్చి కూర్చోండి."

బాపు నా వైపు చూశాడు. తరువాత ఆయనకు నిదానంగా జవాబిచ్చాడు.

"మా ఇంటోళ్లు కూసున్నరు గద సాబ్."